మన తోటలలో మన ఆర్కిడ్లు

మామిడితోట గల రైతునకు ‘బదనిక’ అనిన వెంటనే విసుగు కలుగును. చెట్టుకొమ్మపై మొలిచి, కొమ్మరసమును పీల్చి, తుదకు ఆ కొమ్మను ఎండజేయు మొక్కకు ఆ పేరు. అయితే పల్లెలలో ఈ పేరు ఒక్క మొక్కకే పరిమితమై యుండలేదు. చెట్టుమీద పెరుగు మొక్క ఏదైనను బదనికయే. అందుచేత కొమ్మను పీల్చి బ్రతుకు మొక్కయు, కొమ్మపై కేవలము నిలువనీడ కోరు మొక్కయు ఒకే కత్తికి బలియగుచున్నవి. ఈ రెండవ తెగకు చెందినవే మన చెట్ల ఆర్కిడ్లు.

సంస్కృతమునందును ఇట్టి మొక్కలకు ‘వందా’ అని ఒకే పేరు కలదు. 18వ శతాబ్ది చివర సర్ విలియం జోన్స్ అను పండితుడు ఈ మాటనే తీసికొని ఒక ఆర్కిడ్ ప్రజాతికి ‘వాండా’ అని పేరు పెట్టెను. నేడు దేశదేశముల పూలతోటలలో వినబడు ఆ పేరు మన చెట్లకొమ్మలనుండి పోయినదే.

ఆర్కిడ్లనిన వెంటనే అవి అద్దాల గదులలో పెరుగవలసినవనియు, చల్లని కొండలమీద తప్ప బ్రతుకవనియు చాలమంది తలంతురు. అంగడిలో అమ్మెడి సంకరజాతులలో కొన్నింటి విషయమున ఇది కొంతవరకు నిజమే. కాని భారత వృక్ష పరిశోధన సంస్థ 2019లో ప్రకటించిన లెక్కప్రకారము మన దేశమున 1,256 జాతుల ఆర్కిడ్లు కలవు. వానిలో కొన్ని తూర్పు కనుమలలోను, వాని చేరువనున్న మైదానములలోను మండుటెండలకు ఓర్చి పెరుగుచున్నవి. వీనిని పాఠశాల ఆవరణలోని మామిడిచెట్టుమీదనే పెంచవచ్చును. అందుకు కావలసినది ధనము కాదు; ఈ మొక్క బ్రతుకుతెరువు ఎట్టిదో తెలిసికొనుట.

బదనిక వేరు, ఆర్కిడ్ వేరు

ముందుగా ఈ రెండింటిని వేరుపరచుట నేర్వవలెను. నిజమైన బదనిక పరాన్నజీవి. మామిడిమీద తరచుగా కనబడు బదనిక గింజ కొమ్మకు అంటుకొని మొలచి, బెరడును చీల్చుకొని లోపలి కొయ్యలోనికి పీల్చెడి అంగమును దింపును. అది పుట్టినచోట కొమ్మ బుడిపెవలె ఉబ్బియుండును. దానిని ఊడబెరుకుట సాధ్యము గాదు. కొమ్మతో గూడ కోయవలసినదే.

ఆర్కిడ్ అట్లు గాదు. దాని వేళ్ళు తెల్లగా, దారములవలె గాని త్రాళ్ళవలె గాని బెరడుపై ప్రాకియుండును. మెల్లగా లాగిన అవి బెరడునుండి ఊడివచ్చును. క్రింద కొమ్మపై గాయమేమియు కనబడదు. ఇట్టి మొక్కలను వృక్షోపజీవులందురు. ఇవి చెట్టునుండి ఆహారమును తీసికొనవు. వాననీరు, గాలి, బెరడు పగుళ్ళలో చేరిన ధూళి, కుళ్ళిన ఆకుల పొడి, పక్షుల రెట్ట — వీనినుండి తమకు కావలసిన లవణములను సంపాదించుకొనును. ఆకుపచ్చని ఆకులతో తమ పిండిపదార్థమును తామే తయారుచేసికొనును. చెట్టు వీనికి అన్నము పెట్టు తల్లి కాదు. అద్దె కోరని ఇల్లు మాత్రమే.

సామర్లకోట సాక్ష్యము

మన ఆర్కిడ్లనుగూర్చిన తొలి చక్కని వర్ణనలలో కొన్ని తెలుగునేల మీదనే తయారైనవి. స్కాట్లండు దేశీయుడైన విలియం రాక్స్‌బరో 1781లో తూర్పుగోదావరి ప్రాంతమందలి సామర్లకోటకు వచ్చి, అక్కడ తోటను పెంచి, చుట్టుపట్ల మొక్కలను శోధించెను. భారతీయ చిత్రకారులచేత వాని బొమ్మలను వ్రాయించెను. 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా వెలువడిన ‘కోరమండల్ తీరపు మొక్కలు’ అను గ్రంథమునందు అట్టి చిత్రములు 300 కలవు. అనేక మొక్కలకు ఆయన తెలుగు పేర్లను గూడ చేర్చెను. ఆ గ్రంథపు మొదటి సంపుటముననే మన చెట్ల ఆర్కిడ్లలో ముఖ్యమైనవి చోటుచేసికొన్నవి.

వానిలో మొదట చెప్పదగినది వాండా టెస్సెలేటా. ‘టెస్సెలేటా’ అనగా చిన్న చిన్న గళ్ళు గలది. దీని పూవుపై గోధుమరంగు వలగీతలు పలకలు పరచినట్లుండుటచే ఈ పేరు వచ్చినది. పూరేకులు లోపలివైపు పసుపుపచ్చ, ఆకుపచ్చ, గోధుమరంగుల కలయికగను, వెలుపలివైపు తెల్లగను ఉండును. మధ్యనున్న పెదవివంటి రేకు ఊదారంగు. ఒక్కొక్క కాడకు సుమారు 5 మొదలు 10 వరకు పూలు పూయును. వానికి మంచి వాసన కలదు. ఆకులు పట్టీవలె సన్ననై, నడుమ మడతపడి, ఎదురెదురు వరుసలలో అమరియుండును.

రెండవది ఆకాంపి ప్రీమోర్సా. ‘ప్రీమోర్సా’ అనగా కొన కొరికివేయబడినది. దీని దళసరి ఆకుల కొనలు ఎవరో పంటితో కొరికినట్లుండును. చిన్న పసుపు పూలపై ఎఱ్ఱని గోధుమరంగు అడ్డచారలుండును. ఎండకు ఓర్చుటలో దీనికి సాటివచ్చునవి తక్కువ.

మూడవది సింబీడియం అలోయిఫోలియం. అనగా కలబందవంటి ఆకు గలది. చెట్టు పంగలలోను, తొఱ్ఱలలోను కుళ్ళిన ఆకుమన్ను చేరినచోట ఇది గుబురుగా పెరుగును. వేసవిలో దీని పూలకాడలు క్రిందికి వ్రేలాడుచుండును.

వీనికి నాలుగవదానిగా రింకోస్టైలిస్ రెట్యూసాను చేర్చవచ్చును. విశాఖ మన్యపు కొండలలో ఇది కలదు. తెలుపు, గులాబి రంగుల పూలు దట్టముగా కూర్చిన దండవలె నక్కతోకను పోలి వ్రేలాడును. అస్సామువారు దీనిని ‘కపౌ’ అందురు. అది ఆ రాష్ట్ర పుష్పము. వసంతకాలపు బిహు నృత్యములలో యువతులు దీనిని జడలో తురుముకొందురు. అయితే మొదటి మూడింటికంటె దీనికి గాలిలో తడి కొంచెము ఎక్కువ కావలెను. కాబట్టి కోస్తాలో ఇది సులభము. రాయలసీమలోను, తెలంగాణములోను నీడయు, నీరును హెచ్చుగా ఈయవలసియుండును.

చలిదేశములలో ‘ఓర్పుగల మొక్క’ అనిన మంచుకు చావని మొక్క అని అర్థము. మన దేశమున ఆ మాటకు అర్థము వేఱు. నెలల తరబడి వానలేకున్నను, వైశాఖమాసపు ఎండలో కొమ్మ కాగుచున్నను ప్రాణము నిలుపుకొనునదే మనకు ఓర్పుగల మొక్క. మట్టి అయినను లేని చోట ఈ ఓర్పు ఎట్లు కలిగినది?

స్పంజివంటి వేరు

మొదటి రహస్యము వేరులో ఉన్నది. ఆర్కిడ్ వేరును అడ్డముగా కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో, వెలుపల కొన్ని వరుసల ఖాళీ కణములు కనబడును. ఇవి చనిపోయిన కణములు. వీని గోడలు మాత్రము మిగిలి, లోపల గాలి నిండియుండును. ఈ పొరను వెలామెన్ అందురు. వాన పడినప్పుడు ఈ పొర స్పంజివలె క్షణములలో నీటిని పీల్చుకొని, దానిని నిదానముగా లోపలి సజీవ కణములకు అందించును. వాన వెలిసిన పిమ్మట మరల గాలితో నిండి, లోపలి తడి ఆరిపోకుండ కప్పువలె కాపాడును.

దీనిని విద్యార్థులు సులభముగా పరీక్షింపవచ్చును. ఎండిన వేరు వెండివలె తెల్లగా నుండును. దానిపై తడిదూదితో అద్దినచో, చూచుచుండగనే ఆకుపచ్చగా మారును. గాలి పోయి నీరు నిండుటచే పైపొర పారదర్శకమై, లోపలి పత్రహరితము బయటికి కనబడుటయే దీనికి కారణము. ఆకుపచ్చ రంగు వచ్చినదనగా వేరు కడుపునిండ త్రాగినదన్నమాట. అంతకుమించి పోసిన నీరు వ్యర్థము. మరల తెల్లబడువరకు నీరు పోయనక్కరలేదు. నీరెప్పుడు పోయవలెనో మొక్కయే ఈ విధముగా చెప్పుచున్నది.

మట్టితో నింపిన కుండీలో ఈ మొక్కను పాతినచో ఏల చచ్చునో ఇప్పుడు తెలియును. ఈ వేరునకు తడి ఎంత అవసరమో గాలియు అంతే అవసరము. తడిమట్టి గాలిని ఆపివేయును, వేరు కుళ్ళును.

రాత్రి తెరచుకొను ద్వారములు

రెండవ రహస్యము ఆకులో ఉన్నది. మొక్కలు ఆహారమును తయారుచేసికొనుటకు గాలిలోని బొగ్గుపులుసు వాయువు కావలెను. అది ఆకులపైనుండు సూక్ష్మరంధ్రములద్వారా లోపలికి పోవును. కాని రంధ్రములు తెరచియున్నప్పుడు లోపలి నీరు ఆవిరియై బయటికి పోవును. సామాన్యముగా మొక్కలు పగటివేళ రంధ్రములను తెరచును. వాండావంటి దళసరి ఆకుల ఆర్కిడ్లు పగలు వానిని మూసికొని, చల్లని రాత్రివేళ తెరచును. రాత్రి చేరిన వాయువును మాలిక్ ఆమ్లరూపమున దాచి, పగలు ఆ ఆమ్లమునుండి వాయువును విడిపించి, సూర్యకాంతి సాయముతో చక్కెరగా మార్చుకొనును. ఇందువలన నీటిఖర్చు చాల తగ్గును.

ఈ విషయపు మొదటి జాడను కనిపెట్టినవారిలో ఒకరికి సామర్లకోటతో సంబంధము కలదు. 1793లో రాక్స్‌బరో కలకత్తా తోటకు వెళ్ళగా, ఆయన స్థానమున బెంజమిన్ హైన్ నియమింపబడెను. మన పెరళ్ళలో పెరుగు రణపాల ఆకు ఉదయమున పుల్లగను, మధ్యాహ్నమునకు చప్పగను, సాయంత్రమునకు కొంచెము చేదుగను ఉండుటను ఆయన గమనించి వ్రాసెను. అది 1815లో లండన్ లిన్నేయన్ సంఘపు పత్రికలో ప్రకటింపబడెను. పగలు తరిగిపోవు ఆ పులుపు రాత్రి దాచిన ఆమ్లమే.

ఈ ప్రయోగమునకు ఆర్కిడ్ ఆకును త్రుంచనక్కరలేదు. రణపాల ఆకులను తెల్లవారుజామున 5 గ్రాములు, అదే మొక్కనుండి సాయంత్రము 4 గంటలకు 5 గ్రాములు కోయవలెను. కోసిన వెంటనే ఒక్కొక్కదానిని ఒకే కొలత నీటితో నూరి, వడగట్టి, ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు చేర్చి, పలుచని సోడియం హైడ్రాక్సైడు ద్రావణమును చుక్కచుక్కగా వేయవలెను. గులాబిరంగు వచ్చి నిలుచుటకు ఉదయపు రసమునకు ఎక్కువ చుక్కలు పట్టును. ఆ తేడాయే రాత్రి దాచిన ఆమ్లపు కొలత.

ధూళివంటి విత్తనము, బూజు స్నేహము

ఇంత ఓర్పుగల మొక్క మరి ఎల్లెడల ఏల నిండియుండలేదు? ఈ ప్రశ్న డార్విన్‌ను గూడ వేధించినది. 1862లో ఆయన ఆర్కిడ్ల పరాగసంపర్కముపై ప్రకటించిన గ్రంథమునందు ఒక ఇంగ్లీషు ఆర్కిడ్ విత్తనములను లెక్కించిన వివరము కలదు. ఒక కాయలో సుమారు 6,200 విత్తనములు. మొక్క మొత్తముమీద సుమారు 1,86,300. ఇవియన్నియు మొలచి, తిరిగి అట్లే విత్తనములనిచ్చినచో, మునిమనుమల తరమునకే భూతలమంతయు దాదాపుగా ఆ ఒక్క మొక్క సంతతితో కప్పబడును. అట్లు జరుగకుండ దేనివలన ఆగుచున్నదో తెలియదని ఆయన ఒప్పుకొనెను.

దీనికి సమాధానములో ముఖ్యభాగము ఫ్రాన్సునుండి వచ్చినది. 1899లో నోయెల్ బెర్నార్ అను యువకుడు ఫాంటెన్‌బ్లో అడవిలో మొలకెత్తుచున్న ఆర్కిడ్ విత్తనములను చూచెను. పరీక్షింపగా ప్రతి మొలకలోను ఒక శిలీంధ్రము, అనగా బూజుజాతి జీవి, ప్రవేశించియుండెను. అప్పటివరకు వేళ్ళలోని ఈ బూజును చాలమంది రోగముగనో, ఏదో కాకతాళీయముగనో తలచియుండిరి. అది లేనిదే విత్తనము మొలకెత్తలేదని బెర్నార్ గ్రహించెను.

కారణము ఇది. శనగగింజలో మొలకకు కావలసిన ఆహారము పప్పురూపమున నిలువయుండును. ఆర్కిడ్ విత్తనములో అట్టి నిలువ దాదాపు లేదు. అది ఒక పలుచని సంచిలో కొలదికణముల పిండము మాత్రమే. తేలికయగుటచే గాలిలో ఎంతదూరమైనను పోగలదు. కాని దారిబత్తెము లేకుండ పోవును. పడినచోట తగిన శిలీంధ్రమున్నచో, దాని దారములు విత్తనములోనికి చొచ్చును. మొలక వానిని జీర్ణించుకొని, చక్కెరను, లవణములను పొందును. ఆకులు వచ్చునంతవరకు ఈ బూజే దానికి దాది. తగిన బూజు లేనిచోట పడిన లక్షలాది విత్తనములు నశించును.

1922లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయాచార్యుడు లూయిస్ నడ్సన్, ఆ బూజు చేయు పనిని చక్కెర చేయగలదని చూపెను. సూక్ష్మజీవులు లేకుండ శుభ్రపరచిన సీసాలో చక్కెర, లవణములు కలిపిన జిగురుపదార్థముపై విత్తనములు చల్లగా, బూజు లేకయే అవి మొలచినవి. నేటి ఆర్కిడ్ పరిశ్రమకు ఇదియే పునాది.

తోటవానికి ఇందులో ఒక ముఖ్యమైన పాఠము కలదు. అడవిలో ఒక పెద్ద ఆర్కిడ్ కొమ్మను పట్టి పూయుచున్నదనగా, దాని వెనుక లక్షల విత్తనముల నాశనమును, సరియైన బెరడును, సరియైన బూజును, కొన్నేండ్ల ఎదుగుదలయు ఉన్నవి. దానిని ఊడబెరికినచో ఆ చోటు మరల నిండుట సులభము గాదు.

మొక్క ఎక్కడినుండి తేవలెను?

అడవినుండి మాత్రము తేరాదు. ఇంగ్లండునందు చెప్పుపూవు ఆర్కిడ్ అను అందమైన మొక్కను ప్రజలు ఇష్టమువచ్చినట్లు త్రవ్వుకొనిపోగా, అది పూర్తిగా అంతరించినదని భావించిరి. 1930లో యార్క్‌షైరునందు ఒకేయొక మొక్క కనబడెను. దశాబ్దములపాటు దానికి కాపలా పెట్టవలసివచ్చినది. తరువాత 1980 దశకమున క్యూ ఉద్యానవనమువారు విత్తనములను ప్రయోగశాలలో మొలిపించు పనికి పూనుకొని, అట్లు పెంచిన మొక్కలను మరల ప్రకృతిలో నాటించిరి. పెరికినంత తేలిక కాలేదు, తిరిగి నాటుట.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 1991లో సవరింపబడి, నీలి వాండా, ఎఱ్ఱ వాండా, చెప్పుపూవు ఆర్కిడ్లు మొదలగువానికి ప్రత్యేక రక్షణ కల్పింపబడెను. దేశములమధ్య జరుగు వర్తకమున అన్ని ఆర్కిడ్లును అంతర్జాతీయ ఒప్పందమునకు లోబడియున్నవి. వాండా టెస్సెలేటాను కొన్ని ప్రాంతములలో రాస్నా అను పేర మందులకై సేకరించుటచే దానికి మరియొక ముప్పు కలదు.

న్యాయమైన మార్గములు మూడు. విత్తనములనుండి గాని కణజాల వర్ధనమువలన గాని పెంచిన మొక్కలను అమ్ము నర్సరీలనుండి కొనుట మొదటిది. పెంచుచున్న మిత్రులవద్ద పిలకను తీసికొనుట రెండవది. ముదురు వాండా మొదట పిలక వచ్చినప్పుడు, దానికి రెండు మూడు సొంత వేళ్ళు పుట్టిన పిదప శుభ్రమైన కత్తితో వేరుచేయవచ్చును. సొంత తోటలో పడిపోయిన, లేక కొట్టివేసిన చెట్టుకొమ్మపై మొక్క ఉన్నచో దానిని రక్షించుట మూడవది. రోడ్ల విస్తరణకై కొట్టెడి సాలుచెట్లపై ఉన్నవానిని గూడ అధికారుల అనుమతితో కాపాడవచ్చును.

చెట్టుపై నాటు విధము

బెరడు గరుకుగా నుండి, ఏటేట ఊడిపోని చెట్టును ఎన్నుకొనవలెను. మామిడి, ఇప్ప, పనస మంచివి. జామ, నీలగిరి చెట్లు పనికిరావు; వాని బెరడు పొరలు రాలునప్పుడు మొక్కయు రాలును. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నపు ఎండ ఆకులనడుమ చిలికి పడుచోటు శ్రేష్ఠము. కాబట్టి కాండమునకు తూర్పువైపున గాని ఉత్తరపువైపున గాని కట్టవలెను. వేసవిలో ఆకు రాల్చు చెట్టయినచో ఆ రెండు నెలలు తడిక నీడ కల్పింపవలెను.

తొలకరికి ముందు వేళ్ళకొనలు ఆకుపచ్చగా మేల్కొనుచున్నప్పుడు నాటుట మంచిది. కుళ్ళిన వేళ్ళను తీసివేసి, మిగిలినవానిని బెరడుపై పరచి, కొబ్బరిపీచు త్రాటితో గాని నూలుగుడ్డపేలికతో గాని కదలకుండ కట్టవలెను. రాగితీగె వాడరాదు; రాగి ఆర్కిడ్లకు విషము. వేళ్ళపై మట్టి మెత్తరాదు. కొంచెము కొబ్బరిపీచు ఉంచినచో చాలును. కదలుచున్న మొక్క వేళ్ళు బెరడును పట్టుకొనలేవు. కనుక కట్టు గట్టిగా నుండుట ముఖ్యము. వానకాలము గడచునాటికి క్రొత్తవేళ్ళు పట్టుకొనును. అప్పుడు కట్టు విప్పవచ్చును.

చెట్టులేనివారు కఱ్ఱబుట్టలో బొగ్గులు, పెంకుముక్కలు, ఎండుకొబ్బరి డొక్కలు వేసి అందులో పెంచవచ్చును. సింబీడియమునకు వీనితో కొంచెము ఆకుమన్ను కలుపవలెను.

వేసవిలో ఉదయము, సాయంత్రము నీరు చిలుకరింపవలెను. చలికాలమున రెండు మూడు దినముల కొకమారు చాలును. వాననీరు శ్రేష్ఠము. ఉప్పు హెచ్చుగానున్న బోరునీటివలన వేళ్ళకొనలు మాడును. ఆకుల నడిమి సందులో నీరు నిలిచినచో మొవ్వు కుళ్ళును. ఎరువు పెట్టదలచినచో పెరుగుదల కాలమున లీటరు నీటికి అరగ్రాము మించకుండ మిశ్రమ ఎరువును పదిహేను దినముల కొకమారు చిలుకరించిన చాలును. ఆకలి తక్కువగల ఈ మొక్కకు ఎక్కువ ఎరువు విషమే. పొలుసుపురుగులు పట్టినచో తడిగుడ్డతో తుడిచివేయవలెను. వానకాలమున నత్తలు లేతవేళ్ళను కొరుకకుండ చూడవలెను.

ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడుచు పూలు లేకున్నచో వెలుతురు చాలలేదని గ్రహింపవలెను. పసుపుబారి మచ్చలు పడినచో ఎండ హెచ్చినది. లేతాకుపచ్చ రంగు ఆరోగ్యమునకు గుర్తు.

నేలమీద పెరుగునవి

చెట్లపై గాక నేలలో పెరుగు ఆర్కిడ్లు గూడ మన అడవులలో కలవు. రాక్స్‌బరో చిత్రింపించిన జియోడోరం అట్టిది. దాని పూలకాడ కొన వంగి, పూలగుత్తి తల వంచుకొనినట్లుండును; కాయలు పెరుగుచున్నకొలది కాడ నిటారగును. వానలు వెనుకబడగా ఇది ఆకులను రాల్చి, భూమిలోని దుంపరూపమున నిద్రించును. చచ్చినదని తలచి పారవేయుటయు, బ్రతికింపవలెనని నీరు పోయుటయు రెండును తప్పే. వేసవిలో ఆ కుండీని పొడిగా ఒకవైపున ఉంచి, తొలకరికి నీరిచ్చినచో మరల మొలచును.

పాఠశాలలో ఒక్క వాండా మొక్క ఉన్నను విద్యార్థులకు సంవత్సరము పొడుగున పని కలదు. వేరు తడిసి రంగు మారుటకు పట్టిన కాలము, నెలకు పెరిగిన వేరుపొడవు, పూలను చూడవచ్చిన కీటకములు, కట్టిన కాయల సంఖ్య — ఇవియన్నియు తేదీలతో వ్రాసియుంచవలెను. అట్లే ఊరిలోని పాత మామిడిచెట్లమీద ఆర్కిడ్లెన్ని, బదనికలెన్ని అను లెక్కయు తీయవచ్చును. ఆ లెక్క తీయుటకు రెండింటిని గుర్తుపట్టుట నేర్చిన బాలుడు, రేపు తోటలో కత్తి పట్టినప్పుడు కోయవలసినదానినే కోయును.